బెంచి క్లర్కుగారి ఆఖరి అర్జీ

వైద్య కళాశాలలో మాకు చాలా నేర్పారు. "నేను బతుకుతానా డాక్టరుగారూ?" అని అడిగే మనిషికి ఏం చెప్పాలో కూడా నేర్పామనిపించారు. "నన్ను చంపెయ్యండి డాక్టరమ్మగారూ" అని మర్యాదగా, కాఫీ గ్లాసు చేతికందిస్తూ అడిగే మనిషికి ఏం చెప్పాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. నా సర్వీసు చివర్లో అలాంటి మనిషి ఒకాయన తగిలాడు. కొత్తగా తెల్లకోటు తొడుక్కుంటున్న మీకు ఆయన సంగతి చెప్పాలనిపించింది. నీతి చెబుదామని కాదు. ఆ నీతేమిటో నాకే ఇంకా తేలలేదు.

అప్పుడు నేను బందరులో ప్రభుత్వ వైద్యురాలిని. జబ్బు ఇక నయం కాదని తేలిపోయినవాళ్ళకి కనీసం బాధ లేకుండా చూడడం మా విభాగం పని. దానికి పాలియేటివ్ కేర్ అని గంభీరమైన పేరుంది గానీ, ఆసుపత్రిలో మిగతావాళ్ళు మమ్మల్ని "సాగనంపుల డిపార్టుమెంటు" అనేవారు. వారానికోసారి వ్యానులో ఊళ్ళమీద పడి, మంచం దిగలేని రోగుల్ని వాళ్ళ ఇళ్ళలోనే చూసేవాళ్ళం.

వ్యానులో నాతోపాటు ఇద్దరు. ఒకరు హెడ్ నర్సు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ వార్డు, ఆవిడ లోకం అంతే. ఎంత మొండి రోగి చేతనైనా మందు మింగించగలదు. ఎలాగంటే, మింగేదాకా ఎదురుగా నిలబడి ప్రార్థన చేస్తుంది. రెండోవాడు కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్ర డాక్టరు. ప్రపంచంలో ఏ దేశంలో ఏ చట్టం వచ్చిందో అతని ఫోనులో ఉంటుంది. మనిషి తన చావు తానే ఎంచుకునే హక్కు గురించి అతనికి గట్టి అభిప్రాయాలున్నాయి. హెడ్ నర్సుకీ ఉన్నాయి, సరిగ్గా వాటికి వ్యతిరేకంగా. బందరులో మొదలైన వాదన పెడన దాకా సాగేది. దారిలో రైల్వే గేటు పడిందంటే ఇంకాస్త సాగేది. నేను మధ్యలో కూర్చుని కారప్పూస తినేదాన్ని.

ఆ పెడనలోనే, చేనేతవాళ్ళ వీధిలో ఉండేవాడు మా రోగి. బందరు కోర్టుల్లో బెంచి క్లర్కుగా పనిచేసి రిటైరైన మనిషి. జడ్జిగారి కుర్చీకి కింద బల్ల దగ్గర కూర్చుని, కేసులు పిలిపించడం, కాగితాలు పైకి అందించడం, వాయిదాలు రాయడం ఆయన చేసిన పని. మగ్గం గుంటలోంచి లేచి కోర్టుకెక్కిన కుటుంబంలో మొదటివాడు. భార్య కలంకారీ అద్దకం చేసే ఇంటి ఆడపడుచు. పెళ్ళయ్యాక కూడా చాలా ఏళ్ళు అద్దకం బల్ల దగ్గర నిలబడి చెక్క అచ్చులు వేసిందట. ఆవిడ అరచెయ్యి ఇప్పటికీ ఆ అచ్చంత గట్టిగా ఉండేది. పిల్లలు లేరు. ఆయన అక్క కొడుకు ఒకతను గుడివాడలో ఎరువుల దుకాణం పెట్టుకుని, వారానికి రెండుసార్లు మోటారుసైకిలు మీద వచ్చి చూసిపోతుండేవాడు.

ఆయన జబ్బు క్లోమంలో కాన్సరు. కడుపు లోపల, వెన్నుకి ఆనుకుని ఉంటుంది అది. అక్కడ గడ్డ లేచిందంటే నొప్పి వీపులోకి శూలంలా దిగుతుంది. విజయవాడలో పెద్ద డాక్టర్లు చూసి, ఆపరేషను దశ దాటిపోయిందని చెప్పి పంపారు. అలా మా చేతికొచ్చాడు.

మొదటిసారి వెళ్ళిన రోజున నేను పరీక్ష చేసి, మందులు రాసి లేవబోతుంటే, "డాక్టరమ్మగారూ, ఒక చిన్న అర్జీ ఉంది" అన్నాడు.

"చెప్పండి బాబాయ్‌గారూ."

"నాకు ఇంక వాయిదాలు వద్దండీ. తీర్పు కావాలి. ఏదో ఒక సూది ఉంటుంది కదా మీ దగ్గర. శుభ్రంగా వేసెయ్యండి. నేను ఎవరికీ చెప్పను."

చెప్పడానికి ఆయన ఉంటే కదా! నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు భయమూ వేసింది. ఆయన కూడా నవ్వుతున్నాడు గానీ, కళ్ళు నవ్వడంలేదు.

"అలా వేస్తే నన్ను మీ కోర్టు బోనులోనే నిలబెడతారండీ. అది నేరం."

"తెలుసమ్మా. కానీ వెంటిలేటరు మీదున్నవాణ్ణి తీసెయ్యొచ్చని పెద్ద కోర్టు చెప్పింది కదా. బాగుపడే ఆశ లేనప్పుడు నాకు గొట్టాలు పెట్టొద్దని ముందే రాసిచ్చుకోవచ్చునంటగా. అది ఒప్పు. ఇది తప్పు. ఎట్టా?"

"అక్కడ మనం అడ్డు తప్పుకుంటున్నాం, జబ్బు తన దారిన తను పోతుంది. ఇక్కడ మన చేత్తో మనమే చేస్తున్నాం."

"రైలు ఎక్కబోయేవాణ్ణి ఆపకపోవడం వేరు, టిక్కెట్టు కొనిపెట్టడం వేరు అంటారు."

"అంతేనండీ."

"మరి నేను చాలాసేపట్నుంచీ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డానమ్మా. కాళ్ళు పీకుతున్నాయి" అన్నాడు.

ఇక్కడే మా కుర్ర డాక్టరు ఆగలేకపోయాడు. కొన్ని దేశాల్లో రోగి తన నోటితో అడిగితే, ఇద్దరు డాక్టర్లు సరేనంటే, చట్టప్రకారమే మందు ఇస్తారని వివరంగా చెప్పుకుపోయాడు. నేను కళ్ళెర్రజేస్తున్నా చూడడే! బెంచి క్లర్కుగారు పసిపిల్లాడు తిరునాళ్ళ కబుర్లు విన్నట్టు విన్నాడు. అంతా విని నిట్టూర్చాడు.

"నాకు పాస్‌పోర్టు లేదు బాబూ. ఇప్పుడు పెట్టుకుంటే పోలీసు ఎంక్వయిరీ అయ్యి అది చేతికొచ్చేసరికి నేను మామూలుగానే పోతాను."

తిరుగు ప్రయాణంలో హెడ్ నర్సు అతన్ని చెడామడా తిట్టింది. "మంచం మీదున్న మనిషికి ఆ మాటలా చెప్పేది? నీళ్ళు లేనివాడికి కృష్ణ గురించి చెప్పినట్టు!" అతను తగ్గలేదు. "అడిగినదానికి నిజం చెప్పాను సిస్టర్. ఆయన బాధ మీది కాదు, నాది కాదు. నిర్ణయం కూడా మనది కాదు" అన్నాడు. ఇద్దరూ నా వైపు చూశారు. నేను డ్రైవరుతో, "కాస్త కారప్పూస తింటావా?" అన్నాను. పెద్ద ఉద్యోగంలో ఉన్నవాళ్ళు చిక్కు ప్రశ్న ఎదురైనప్పుడు చేసే పని అదే.

తర్వాత రెండు నెలలూ ఆయన కేసు నాకు కొరుకుడు పడలేదు. నొప్పికి మార్ఫిన్ మాత్రలు ఇస్తున్నాం. అది మాటలు కాదు, నల్లమందు జాతి మందు. మా ఫార్మసిస్టు ఆ బీరువా తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరిగేవాడు. అలాంటి మందు ఇస్తున్నా ఈయన నొప్పి తగ్గదు. వెళ్ళినప్పుడల్లా దిండు కౌగిలించుకుని, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని కనిపిస్తాడు. డోసు పెంచాను. తగ్గలేదు. ఇంకాస్త పెంచాను. ఊహూఁ. "ఈ గడ్డ నరాల్లోకి పాకి ఉంటుంది" అని కుర్ర డాక్టరు, "ఈయన మనసులో ఏదో గడ్డ ఉంది" అని హెడ్ నర్సు. నేను పుస్తకాలు తిరగేశాను. మార్ఫిన్ ఎక్కువైతే మగత రావాలి, మలబద్ధకం రావాలి. ఈయనకి రెండూ లేవు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. రోగి మాట నమ్మాలని నేర్పినవాళ్ళు, బెంచి క్లర్కుల విషయంలో మినహాయింపు ఉందని చెప్పలేదు మరి!

వెళ్ళిన ప్రతిసారీ అర్జీ మాత్రం మానడు. "నా దరఖాస్తు ఏమైందండీ?" "పరిశీలనలో ఉంది బాబాయ్‌గారూ." "ముప్పై ఏళ్ళు నేను జనానికి చెప్పిన మాట నాకే చెప్తున్నారు!"

చివరికి ఒక గురువారం మేం వెళ్ళేసరికి, వీధరుగు మీద బెంచీ, రెండు ప్లాస్టిక్ కుర్చీలూ, ఒక పడక్కుర్చీ, ఒక చేతుల కుర్చీ వేసి ఉన్నాయి. ఎదురింట్లో మగ్గం టకటకలాడుతోంది. చేతుల కుర్చీలో ఆయన భార్య కూర్చుని చింతచిగురు బాగుచేస్తోంది. గుడివాడ మేనల్లుడు కూడా వచ్చి ఉన్నాడు. బెంచి క్లర్కుగారు ఉతికిన చొక్కా తొడుక్కుని పడక్కుర్చీలో ఉన్నాడు. మొహం నొప్పితో పాలిపోయి ఉంది గానీ, హుషారు మాత్రం తగ్గలేదు.

"రండి రండి. ఇవాళ విచారణ. జడ్జిగారు మా ఆవిడ. ఎందుకంటే ఈ ఇంట్లో పై కోర్టు లేదు."

"ఇదేం సరదా అండీ?" అన్నాను.

"సరదా కాదమ్మా. మీరు చట్టం అంటారు, ఈ అబ్బాయి హక్కు అంటాడు, సిస్టరుగారు దేవుడంటుంది. ఎవరి మాట వాళ్ళు వ్యానులో చెప్పుకుని పోతున్నారు. నా ఎదురుగా చెప్పండి. వింటాను."

మేనల్లుడు అయోమయంగా చూశాడు. "దేని గురించి మావయ్యా?"

"నన్ను ముందే పంపించెయ్యమని డాక్టరమ్మగారిని అడుగుతున్నాన్రా."

ఆ అబ్బాయి మొహం చూడలేకపోయాను. భుజాన వేసుకున్న తువాలు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగాడు. అతనికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదని నాకు అప్పుడే తెలిసింది. వెనక్కి వెళ్ళిపోదామా అనిపించింది. కానీ చేతుల కుర్చీలోని ఆవిడ చింతచిగురు లోంచి తలెత్తకుండా, "కూర్చోండమ్మా. ఈయనకి నోరు నొప్పిపుట్టేదాకా మాట్లాడితేనే తృప్తి. కానివ్వండి" అంది.

ముందు హెడ్ నర్సు లేచింది. "ప్రాణం ఇచ్చినవాడే తీసుకోవాలండీ. మధ్యలో మనమెవరం?"

"బాగుంది సిస్టర్. ఇచ్చినవాడు తీసుకుందామని కాన్సరు పంపాడు. మరి మీరు మందులేసి ఆయనకి అడ్డుపడుతున్నారేంటి?"

"బాధలో ఉన్నవాణ్ణి చూడమనీ ఆయనే చెప్పాడండీ. రెండూ ఆయన ఆర్డర్లే. ఒకదానికొకటి పొసగకపోతే ఆయన్నే అడగండి. ఎటూ కలవబోతున్నారుగా" అంది. బెంచి క్లర్కుగారు తొడ చరిచి నవ్వాడు. నవ్వితే నొప్పి లేచినట్టుంది, కాసేపు కళ్ళు మూసుకున్నాడు.

తర్వాత కుర్ర డాక్టరు. చక్కగా మాట్లాడాడు. తన శరీరం మీద తనకి కాక ఇంకెవరికి అధికారం ఉంటుంది, ఎలా బతకాలో ఎంచుకోనిచ్చేవాళ్ళం ఎలా పోవాలో ఎందుకు ఎంచుకోనివ్వం, నయం చెయ్యలేని డాక్టరు కనీసం మాటైనా వినాలి కదా అన్నాడు. నాకే లోపల ఎక్కడో తగిలింది.

అంతా విని బెంచి క్లర్కుగారు మెల్లగా అడిగాడు. "బాబూ, నా తరఫున వాదించావు. సంతోషం. రేపు చట్టం వచ్చేసిందనుకో. నాకు ఆ సూది నువ్వు వేస్తావా?"

"చట్టం ఒప్పుకుంటే..."

"చట్టం సంగతి నాకొదిలెయ్. నీ చెయ్యి ఒప్పుకుంటుందా?"

ఎదురింట్లో మగ్గం ఆగింది. కుర్ర డాక్టరు తన చేతుల వైపు చూసుకున్నాడు. "తెలీదండీ" అన్నాడు. ఆ రోజు అరుగు మీద అందరం చెప్పిన మాటల్లో అన్నిటికంటే నిజాయితీ ఉన్న మాట అదేనని ఇప్పటికీ అనుకుంటాను.

నా వంతు వచ్చింది. "మీ ఒక్కరి సంగతైతే నేనేమంటానో నాకే తెలీదు బాబాయ్‌గారూ. మీరు తెలిసినవారు, నోరున్నవారు. కానీ కాలవకి ఒకచోట గండి కొట్టాక నీళ్ళు అడిగినవాడి మడిలోకే పోతాయని ఏముంది? ఇంట్లో అందరికీ బరువైపోయాననుకునే ముసలమ్మ చేత రేపు ఎవరో అడిగిస్తారు. 'నీకే మంచిదే అమ్మా' అంటారు. అప్పుడు ఆవిడ తన నోటితో అడిగిందో, ఇంట్లోవాళ్ళ నోటితో అడిగిందో నేనెట్లా కనిపెట్టను?"

"నిజమే" అన్నాడాయన. "కానీ గండి పడుతుందని భయపడి కాలవే కట్టేస్తే, ఎండిపోయే మడి సంగతేంటమ్మా?"

ఆయన గెలిచినట్టు మొహం పెట్టలేదు. అలిసిపోయి వెనక్కి వాలాడు.

అప్పుడు చేతుల కుర్చీలోంచి ఆవిడ అంది. "అందరూ అయ్యారా? ఇక నన్ను అడగనిస్తారా?"

"జడ్జిగారిని ఆపేదెవరు?" అన్నాడు భర్త.

"ఎందుకు పోదామనుకుంటున్నారు?"

"నొప్పే. భరించలేకపోతున్నానే."

"మందు వేసుకుంటున్నారుగా."

ఆయన ఎదురింటి వైపు చూపు తిప్పుకున్నాడు. ఆవిడ చింతచిగురు చేట పక్కన పెట్టి, లోపలికెళ్ళి, ఆయన మంచం పక్కనుండే పాత రేడియో తెచ్చింది. "వార్తలు వినడం మానేసి రెణ్ణెల్లయింది. మానేసిన మనిషి రేడియోని తలాపున పెట్టుకుని పడుకుంటాడా?" అంటూ వెనక మూత ఊడదీసి, ఒళ్ళో కుదిపింది. బ్యాటరీలు ఉండాల్సిన చోటు నుంచి, కాగితం పొట్లాలు కట్టిన తెల్లమాత్రలు రాలాయి. ఆవిడ చీర కుచ్చిళ్ళ నిండా మార్ఫిన్.

నేను పెంచుకుంటూ పోయిన డోసంతా అక్కడ, ఆవిడ ఒళ్ళో ఉంది. ఆయన దాన్ని మింగకుండా, ఒకేసారికి అక్కరకొస్తుందని దాచుకుంటూ వచ్చాడు. ఆయన పోదామనుకున్నది నొప్పి భరించలేక. నొప్పి తగ్గకపోవడానికి కారణం, పోవడానికని మందు దాచుకోవడం. దాహమేస్తే తాగకుండా నీళ్ళు దాచుకున్న మనిషిలా తయారయ్యాడు.

"పిన్నిగారూ, మీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"మొదట్నుంచీ తెలుసు."

"చెప్పలేదేం?"

"ఈయన చేతిలో ఇంకేం మిగిలిందమ్మా? లేచి నడవలేడు, తినలేడు. ఆ రేడియో ఒక్కటే తన ఇష్టం. అది కూడా లాక్కుంటే..." ఆవిడ మాత్రలు పోగుచేస్తూ ఆగింది. "రోజూ పొద్దున్నే మూత తీసి చూసుకునేదాన్ని. ఉన్నాయంటే, సరే, ఇవాళ్టికి ఉందామనుకున్నాడు అని పాలు కాచుకునేదాన్ని."

హెడ్ నర్సు చేతిరుమాలు వెతుక్కుంటోంది. బెంచి క్లర్కుగారు దొంగతనం దొరికిన పిల్లాడిలా భార్య వైపు చూస్తున్నాడు. "ఏమేవ్, నువ్వు..." అన్నాడు.

"ఇక తీర్పు వినండి" అంది ఆవిడ, కొంగుతో ముక్కు తుడుచుకుని. "ముందు ఆ మందు వేసుకోండి, రోజూ, డాక్టరమ్మగారు చెప్పినట్టు. నొప్పి తగ్గాక కూడా ఇదే అడిగితే, అప్పుడు మళ్ళీ వింటాను. అప్పటిదాకా కేసు వాయిదా."

ఆయన నొప్పి ఉండగానే, పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేలా నవ్వాడు. "ముప్పై ఏళ్ళు లోకానికంతా వాయిదాలు రాశాను. నాకే వాయిదా వేసిందిరా!" అని మేనల్లుడి చెయ్యి పట్టుకున్నాడు. ఆ అబ్బాయి ఏడుపూ నవ్వూ కలిసి ఎక్కిళ్ళు పెట్టాడు.

మాత్రలన్నీ నేను వెనక్కి తీసుకున్నాను. నేను రాసిన డోసు ఆయన ఒంటికి అసలు అలవాటే కాలేదు కాబట్టి, మళ్ళీ చిన్న డోసుతో మొదలుపెట్టాం. హెడ్ నర్సు మొదటి మాత్ర మింగేదాకా ఎదురుగా నిలబడింది. ఆ తర్వాత ఆ పని ఇంట్లో జడ్జిగారిది. మరుసటి వారం వెళ్ళేసరికి ఆయన వెల్లకిలా పడుకుని గురకపెడుతున్నాడు. మాకెవరికీ ఆ మనిషి వెల్లకిలా పడుకుంటాడని తెలియదు.

అక్కణ్ణుంచి కొన్ని నెలలు మంచి రోజులు. రెండు చెంచాల చింతచిగురు పప్పు తిన్నాడు. ఎదురింటి మగ్గం దాకా వెళ్ళి, పోగు తెగితే పట్టుకోవడం తనకింకా వచ్చునని నిరూపించబోయి, తిట్లు తిని వచ్చాడు. బందరు నుంచి నోటరీని పిలిపించుకుని, ఇద్దరు సాక్షుల ముందు, తనకి ఇక బాగుపడే ఆశ లేనప్పుడు గొట్టాలూ వెంటిలేటరూ వద్దని పద్ధతిగా రాయించుకున్నాడు. ఆ సాక్షుల్లో ఒకరు మేనల్లుడే. సంతకం పెట్టేలోపు మూడుసార్లు పెన్ను కింద పెట్టాడట. మేం వెళ్ళినప్పుడల్లా హెడ్ నర్సు, "కేసు పిలవమంటారా?" అనేది. "వాయిదా అడుగుతున్నామండీ" అనేవాడాయన.

ఇక్కడితో ఆపేస్తే కథ అందంగా ఉంటుంది. నొప్పి తగ్గిస్తే చాలు, ఎవరూ చావు కోరుకోరు అని మీకు చెప్పి నేను చేతులు దులుపుకోవచ్చు. సభల్లో కొందరు అలా చెప్పడం విన్నాను. కానీ జరిగింది అది కాదు.

వానలు మొదలయ్యాక, మనిషి చాలా చిక్కిపోయాక, ఒకరోజు తనే అన్నాడు. "కేసు పిలవండి సిస్టర్."

ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"నొప్పి లేదమ్మా ఇప్పుడు" అన్నాడు నాతో. "జడ్జిగారి షరతు తీరింది. అయినా అడుగుతున్నాను. భోజనం అయిపోయింది. చెయ్యి కూడా ఎండిపోయింది. అయినా విస్తరి ముందే కూర్చోబెట్టినట్టుంది."

ఆయన భార్య కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. "ఆ మాట నిజమే" అంది. ఈసారి వాయిదా వెయ్యలేదు.

నేను చెయ్యగలిగిందేమిటో చెప్పాను. జ్వరమొస్తే దాని వెంటపడను. సెలైను ఎక్కించను. ఆసుపత్రికి తరలించను. ఆయాసం రాకుండా, భయం వెయ్యకుండా మందిస్తాను. వచ్చేదాన్ని రానిస్తాను. చేత్తో మాత్రం పిలవను.

"ఇంతేనా?"

"చట్టం ఇంతవరకే ఇచ్చింది బాబాయ్‌గారూ."

"చట్టం సంగతి కాదు. మీ మనసు?"

ఆ మనిషికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "నా మనసు వాయిదా అడుగుతోందండీ" అన్నాను.

ఆయన నా చేతి మీద తట్టాడు. "మంజూరు" అన్నాడు. "కానీ మరీ సాగదియ్యకండి. మీ పై మనుషులకి కూడా చెప్పండి." ఆ పై మనుషులెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఆఖరి రోజు ఉదయం మేనల్లుడు ఫోను చేశాడు. నేనూ కుర్ర డాక్టరూ వెళ్ళేసరికి, వీధిలో అంబులెన్సు నిలబడి ఉంది. ఊపిరి ఆగి ఆగి రావడం చూసి ఆ అబ్బాయి తట్టుకోలేకపోయాడు. సంతకం పెట్టిన చేత్తోనే అంబులెన్సుకీ ఫోను చేసేశాడు. నేనతన్ని తప్పుపట్టను. కళ్ళెదుట మేనమామ అలా ఉంటే, కాగితం మీద మాట ఎవరికి గుర్తుంటుంది?

గుమ్మానికి అడ్డంగా ఆవిడ నిలబడి ఉంది. స్ట్రెచర్ పట్టుకున్న డ్రైవరు, "పేషెంటు ఎక్కడమ్మా?" అన్నాడు.

"ఇక్కడ పేషెంటు లేడు నాయనా" అంది. "మా ఆయన ఉన్నాడు."

మేనల్లుడు అరుగు మీద కూలబడ్డాడు. "అత్తయ్యా, చూస్తూ చూస్తూ ఎట్టా?" అని తల పట్టుకున్నాడు. ఆవిడ వచ్చి అతని పక్కన కూర్చుంది. "చూడ్డమేరా ఇప్పుడు మనం చెయ్యాల్సింది. రా, వచ్చి చూడు" అని లోపలికి తీసుకెళ్ళింది. కుర్ర డాక్టరు ఆయన మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నాలుక కింద రెండు చుక్కల మందు వేశాడు. ఆయాసం సద్దుమణిగింది. సూది వెయ్యగలవో లేదో తెలియని ఆ కుర్ర డాక్టరు చేతులకి ఈ పని చక్కగా తెలుసు. మధ్యాహ్నం కాకముందే, భార్య చేతిలో చెయ్యి ఉండగా, బెంచి క్లర్కుగారు వెళ్ళిపోయాడు. నొప్పి లేకుండా, గొట్టం లేకుండా, తన మంచం మీద.

ఆవిడ ఏడవలేదు. లేచి మొహం కడుక్కుని, అందరికీ కాఫీ పెట్టింది. అంబులెన్సు డ్రైవరు ఇంకా వెళ్ళలేదు. గేటు దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడి, నన్ను పక్కకి పిలిచాడు. దివిసీమవాడు.

"మేడమ్, ఇట్టా కూడా చెయ్యొచ్చా? మా అమ్మ కూడా ఆస్పత్రికి రానంటదండీ. చచ్చినా రానంటది. నేనే బలవంతాన బండెక్కిస్తన్నా. అంబులెన్సు డ్రైవరు తల్లిని ఇంట్లోనే వదిలేశాడంటే ఊరేమంటది? ఇంక నేనూ వదిలెయ్యొచ్చంటారా?"

"అమ్మకేం జబ్బు?"

"బీపీ అండీ. కళ్ళు తిరుగుతయ్యి."

"ఎందుకు రానంటోంది?"

అతను బుర్ర గోక్కున్నాడు. "అడగలేదండీ ఎప్పుడూ."

"అడుగు ముందు."

అక్కడికక్కడే ఫోను తీసి, గోడవైపు తిరిగి మాట్లాడాడు. చాలాసేపు "ఊఁ, ఊఁ" అన్నాడు. ఫోను పెట్టేసి, సిగ్గుగా నా వైపు చూశాడు.

"ఏమంది?"

"ఆస్పత్రిలో ఉప్పులేని కూడు పెడతారంటండీ. అది తిని బతికేకంటే చావడం నయమంటంది."

నవ్వకూడని చోట నవ్వొస్తే ఆపుకోవడం ఎంత కష్టమో మీకు తెలిసే ఉంటుంది. నేను ఆపుకోలేకపోయాను. నన్ను చూసి డ్రైవరూ, అరుగు మీద నుంచి వింటున్న కుర్ర డాక్టరూ నవ్వేశారు. మా నవ్వు విని ఆవిడ బయటికొచ్చింది. "ఏంటమ్మా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ దాచడం చేతకాక, ఉప్పు సంగతి చెప్పేశాను.

ఆవిడ పెదాలు బిగబట్టింది. బిగబట్టలేకపోయింది. ఫక్కున నవ్వుతూ, అలవాటు కొద్దీ గుమ్మంలోకి తల తిప్పి, "ఏమండీ, విన్నారా..." అంది.